పునాది గట్టిదే అను మాటలోని బాధ్యత



హైదరాబాదు నగరములోని ఉప్పల్, నాచారము, హబ్సిగూడ, రామంతపురము ప్రాంతములలో చిరకాలము ఇండ్లకు పునాదులు తీయించి, గోడలు లేపించి, ఎందరో యువకులకు తాపీ పట్టుట నేర్పిన ఒక పెద్ద మేస్త్రిగారి స్మృతికి మనము ఈ సాయంకాలమున ఇచ్చట సమావేశమైతిమి. పండితులకును, పరిపాలకులకును, దాతలకును స్మారకోపన్యాసములు ఏర్పాటు చేయు ఆచారము మనలో బహుకాలముగా ఉన్నది. ఒక చేతిపనివాని పేర సభ తీర్చి, ఆయన జీవితమంతయు దేనిని గూర్చి యోచించెనో దానిని గూర్చియే మాటలాడుమని నన్ను కోరిన నిర్వాహకుల ఔచిత్యమునకు ముందుగా నమస్కరించుచున్నాను. తన పేరు అచ్చులో కనబడవలెనని ఆయన ఎన్నడును కోరినవాడు కాడు గనుక ఈ ముద్రిత పాఠములోను ఆయనను మేస్త్రిగారనియే పేర్కొనెదను.

నేటి నా విషయము ఆయన నోట పలుమారు విన్న మాటయే. గోడలకు చెమ్మ పట్టి గిలాబు రాలుచున్నను, స్లాబు పెచ్చులూడి ఇనుప చువ్వలు బయటపడుచున్నను, తలుపులు ద్వారబంధములకు పట్టి మూతపడకున్నను, ఆయన ఇంటి చుట్టును ఒకమారు తిరిగి, మూలల యొద్ద కూర్చుండి మట్టము చూచి, చివరకు ఇంటివారితో "పునాది గట్టిదే" అనుచుండెను. ఈ మాట ఆయన ఒక్కనిది కాదు; ఇల్లు కొనువారును అమ్మువారును, కట్టువారును కూల్చువారును తెలుగునాట అందరును వాడునదియే. ఇండ్లను దాటి అది మనుష్యుల వరకును వ్యాపించినది. లెక్కలు బాగుగా తెలిసియు పరీక్ష తప్పిన విద్యార్థిని గూర్చి ఉపాధ్యాయుడును, అప్పుల పాలైనను పరువు నిలుపుకొన్న కుటుంబమును గూర్చి సంబంధములు చూచు పెద్దలును ఈ మాటయే అందురు. మాటిమాటికి జబ్బు పడియు మరల లేచి తిరుగు పసివానిని చూచి "గట్టి పిండము" అని ముసలమ్మలు అనుటలోను, బక్కచిక్కిన ఎద్దును సంతలో తడవి చూచి "ఎముక గట్టిది" అని రైతు అనుటలోను ఉన్న భావము ఇదియే.

ఇంత చిన్న మాటలో రెండు తీర్పులు ఇమిడి యున్నవి. పైన లోపమున్నదని ఒప్పుకొనుట మొదటిది. ఆ లోపము క్రింద నమ్మదగిన ఆధారమున్నదని చెప్పుట రెండవది. లోపమును మరుగుపరచుటకై దీనిని వాడువాడు కొనువానిని మోసగించును. ఆధారమును పరీక్షింపకయే పలుకువాడు తన్ను తానే మోసగించుకొనును. రెండును ఎరిగి, నిజమే పలికి, అంతటితో చేతులు దులుపుకొని పోవువాడు మూడవవాడు. వీనివలన కలుగు నష్టము మొదటి ఇరువురి వలన కలుగు దానికంటె తక్కువది కాదు. నేను ఈ సభలో ప్రతిపాదింప దలచినది ఇంతమాత్రమే: పునాది గట్టిదని చెప్పినవాడు, పైభాగమును బాగుచేయు భారమును ఆ క్షణముననే తలకెత్తుకొన్నవాడగుచున్నాడు.

ఈ మాటను పరీక్షించుటకు మనము కూర్చున్న నేలకంటె తగిన స్థలము అరుదు. ఉప్పల్ నుండి తార్నాక వైపు పోవు రహదారి మీద, 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది. భూమి లోపలి పొరల స్వభావమును తెలిసికొనుటయే దాని వృత్తి. మన పాదముల క్రింది గ్రానైటు శిల సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిదని భూగర్భ శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అనగా నేలమీద గడ్డిపోచ మొలవక మునుపే, జంతువన్నది పుట్టక మునుపే, ఈ శిల భూగర్భమున కరిగిన స్థితినుండి చల్లారి గట్టిపడినది; పైనున్న పొరలు యుగయుగములుగా కోసుకొనిపోగా క్రమముగా వెలికి వచ్చినది. నాచారమునకు ఉత్తరమున కానవచ్చు మౌలాలీ గుట్ట ఆ శిల తల యెత్తి నిలిచిన చోటు. ఇట్టి ఆధారము మీద ఇల్లు కట్టుకొను భాగ్యము లోకమున ఎన్ని నగరములకు గలదు?

అయినను ఆ శిల నిర్దుష్టమైనది కాదు. చల్లారునప్పుడును, పైబరువు తొలగినప్పుడును, భూమి కదలినప్పుడును దానిలో పగుళ్లు ఏర్పడినవి. ఆ పగుళ్ల వెంట వాననీరు దిగి, రాతిలోని ఫెల్‌స్పారు ఖనిజమును మెల్లమెల్లగా బంకమన్నుగా మార్చినది. క్వార్ట్జు పలుకులు మాత్రము కరగక మిగిలినవి. అట్లు చివికిన రాయినే మనము మొరము అందుము. బావులు త్రవ్వువారికి ఈ క్రమము కంఠస్థము: మొదట ఎర్రమట్టి, దాని క్రింద మొరము, ఆ క్రింద పగిలిన రాయి, అటుపిమ్మట గట్టి బండ. ఇందులో పునాదికి కావలసినది బండ. బావికి కావలసినది పగిలిన రాయి. పగులు లేని గ్రానైటులో నీరు నిలువదు, నడువదు. 1999లో ఆ భూభౌతిక సంస్థలోనే నెలకొన్న భారత ఫ్రెంచి భూగర్భజల పరిశోధన కేంద్రమువారు నగరమునకు దక్షిణమున ఉన్న మహేశ్వరము ప్రాంతమున చేసిన పరిశోధనలలో, రాయి చివికిన క్రమములోనే ఈ నీటి పగుళ్లును పుట్టినవనియు, లోతునకు పోయినకొలది అవి బాగుగా తగ్గిపోవుననియు తేల్చిరి. వందల అడుగులు బోరు దింపిన మాత్రమున జలము పడకపోవుటకు కారణము ఇదియే.

ఈ విషయమును నేను ఇంత విస్తరించి చెప్పుటకు కారణమున్నది. లోపమును చూచిన వెంటనే అది బలమునకు విరోధియని మనము తలచుచున్నాము. మన నేల అట్లు చెప్పుట లేదు. ఏ శిల మన మేడలను మోయుచున్నదో ఆ శిలయే, తన పగుళ్లలో దాచిన నీటితో, కృష్ణా గోదావరీ జలములు గొట్టములలో రాక మునుపు ఈ గ్రామములను తరతరములుగా బ్రదికించినది. కావున ప్రతి పగులును పూడ్చివేయవలసినది కాదు. ఏది ఉపకారియో ఏది అపకారియో విడదీసి తెలిసికొనవలెను. అయితే నీరు దిగు త్రోవనే మురికియు దిగును. పారిశ్రామిక వ్యర్థములును, ఇండ్ల మురుగును చెరువులలో చేరిన చోట అవి ఆ పగుళ్ల వెంటనే బావులకు చేరును. వరముగా ఉన్న లోపము మన అజాగ్రత్తవలన శాపమగుట ఇట్లే జరుగును.

ఇక శిల గట్టిదన్న ధీమా అంతటను చెల్లదు. ఉప్పల్ నల్లచెరువు, రామంతపురము చెరువు, నాచారము పెద్దచెరువు మున్నగునవి మన పూర్వులు నేల వాలును చూచి కట్టుకొన్న జలాశయములు. ఒకదాని అలుగు నీరు దిగువనున్న మరియొక దానికి పారునట్లు ఏర్పరచుట తెలంగాణ చెరువుల ధర్మము. చెరువు గర్భమున తరతరములుగా పేరుకొన్న ఒండ్రు మీదను, దానిపై పోసిన పూడిక మట్టి మీదను లేచిన ఇల్లు పైకి ఎంత సొగసుగా ఉన్నను దాని క్రింద ఆ ప్రాచీన శిల అందుబాటులో లేదు. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో కురిసిన కుంభవృష్టికి హబ్సిగూడ, రామంతపురము వీధులలో నీరు నిలిచి, ఎన్నో ఇండ్ల క్రింది అంతస్తులు మునిగినప్పుడు, నీరు తన పాత త్రోవను మరువలేదని మనకందరకును తెలిసినది. పక్క వీధిలో బండ ఉన్నది గదా యని మన వీధిలోను ఉన్నదనుకొనుట తగదు. పునాది గట్టిదను మాట ఏ ఇంటికి ఆ ఇంటికే, గుంట త్రవ్వి చూచిన పిమ్మటనే, చెప్పదగినది.

అంతకంటె కఠినమైన పాఠము 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో లభించినది. మనవారు లాతూరు భూకంపమని పిలుచు ఆ ఉత్పాతమున 10,000కు చేరువగా జనులు మరణించిరి. దక్కను పీఠభూమి పురాతనమైనది, స్థిరమైనది, అచ్చట భూకంపభయము లేదు అన్న విశ్వాసము అంతవరకు బలముగా ఉండెను. మన ఉప్పల్ రహదారిలోని భూభౌతిక సంస్థ శాస్త్రజ్ఞులు తరువాత అచ్చట లోతైన రంధ్రము వేసి, 300 మీటర్లకు పైబడిన నల్లరాతి పొరల క్రింద ఈ ప్రాచీన శిలాజాతియే ఉన్నదని చూచిరి. ఆధారము బలహీనమై అన్ని ప్రాణములు పోలేదు. బురదమట్టితో పేర్చిన మందపు గుండ్రాతి గోడలును, కర్రదూలముల మీద మోయలేనంతగా పోసిన మట్టికప్పులును నిద్రించువారి మీద కూలినవి. రాయికి రాయికి నడుమ బంధము లేదు. గోడకు గోడకు మూలలలో పట్టు లేదు. పునాది గట్టిదని తృప్తి పడి పైకట్టడమును ఉపేక్షించుట ఎంత ఘోరమో ఇంతకంటె స్పష్టముగా చెప్పు ఉదాహరణము నాకు తెలియదు.

ఇట్లగుటచేత పరీక్ష అన్నిటికంటె ముఖ్యము. మేస్త్రిగారి పద్ధతిని కొంత వివరించెదను; ఇది వారి శిష్యులకు తెలిసినదే యైనను అచ్చులో నిలువదగినది. గిలాబు మీద సాలెగూడువలె అల్లుకొన్న సన్నని నెర్రెలకు ఆయన భయపడెడువాడు కాడు. అవి పూత ఎండుటలో పుట్టినవి. కిటికీ మూలనుండి మెట్లు మెట్లుగా ఏటవాలున దిగి, పైన వెడల్పై క్రింద సన్నగిల్లు పగులు కనబడినప్పుడు మాత్రము ఆయన ముఖము మారెడిది. ఒక మూల నేల క్రుంగుచున్నదేమో యని ఆయన సందేహము. అట్టి పగులునకు అడ్డముగా ఒక సన్నని అద్దపు ముక్కను సిమెంటుతో అతికించి, దానిప్రక్క తేదీ వ్రాసి, ఒక ఎండకాలమును ఒక వానకాలమును గడువనిచ్చెడువాడు. అద్దము పగిలినచో గోడ ఇంకను కదలుచున్నదని అర్థము. నిలిచినచో పగులు పాతది, ఇల్లు కుదుటపడినదని అర్థము. అంతవరకు "పునాది గట్టిదే" అను మాట ఆయన నోట వచ్చెడిది కాదు.

స్లాబుల విషయమున దోషము క్రిందినుండి రాదు, పైనుండి వచ్చును. కాంక్రీటులోని క్షారగుణము ఇనుమునకు రక్షణ. గాలిలోని బొగ్గుపులుసు వాయువు దశాబ్దముల తరబడి లోనికి ప్రాకి ఆ గుణమును హరించును. పైకప్పు మీద నిలిచిన నీరు దానికి తోడగును. అప్పుడు చువ్వ తుప్పు పట్టును. తుప్పు తాను పుట్టిన ఇనుముకంటె ఎక్కువ చోటు ఆక్రమించును గనుక లోపలినుండి నెట్టి, క్రిందనున్న కాంక్రీటును పెచ్చులుగా ఊడదీయును. పెచ్చు ఊడిన చోట మరల గిలాబు చేయించి సున్నము కొట్టించుట రోగమును కప్పిపుచ్చుటయే. ముందు పైకప్పు మీది నీరు దిగకుండ చేయవలెను. పిదప గుల్లబారిన కాంక్రీటును గట్టి భాగము తగులువరకు కొట్టివేసి, చువ్వను మెరయునట్లు తోమి, తుప్పు నిరోధించు పూత పూసి, సన్నగిల్లిన చోట కొత్త చువ్వ జతచేసి, అటుపిమ్మట పూడ్చవలెను. ఇది శ్రమతోను వ్యయముతోను కూడినదే. అయినను రాతి పునాది మీద నిలిచిన ఎన్నో పాత ఇండ్లు ఇంతమాత్రపు శ్రద్ధకు నోచుకొని ఇంకొక తరమునకు నీడ నీయగలవు.

దీనికి నిదర్శనము మన ప్రక్కనే ఉన్నది. మౌలాలీ గుట్ట పాదమున, నిజాముల కాలపు ఉర్దూ కవయిత్రి మహ్‌లకాబాయి చందా 1792లో తన తల్లికై కట్టించిన సమాధి మందిరము కలదు. 1824లో మరణించిన పిమ్మట ఆమెయు అచ్చటనే విశ్రమించినది. ఉర్దూ కవిత్వమున దీవానును, అనగా కవితా సంపుటమును, కూర్చిన తొలి కవయిత్రులలో ఒకరైన ఆమె సమాధి చుట్టునున్న తోట చిరకాలము ఆలన లేక పాడుపడినది. 2010, 2011 సంవత్సరములలో అమెరికా ప్రభుత్వపు ధనసహాయముతో దానిని పునరుద్ధరించిరి. నిలువదగినది లోపల మిగిలి యుండెను గనుకనే ఆ పని సాధ్యమైనది. మిగిలి యున్నదని గుర్తించి పూనుకొన్నవారుండిరి గనుకనే ఆ పని జరిగినది. ఈ రెండింటిలో మొదటిది పూర్వుల పుణ్యము, రెండవది మన కర్తవ్యము.

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప దేవాలయము ఈ సత్యమునకు ఇంకను గొప్ప సాక్షి. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన ఆ ఆలయపు లోపలి నేల నేడు అలలవలె ఎగుడు దిగుడుగా ఉన్నది. భూచలనములకు రాళ్లు ఒరిగినవి, దూలములు బీటలు వారినవి. అయినను ఆలయము కూలలేదు. పునాది గుంటను ఇసుకతో నింపి, దాని మీద రాతి కట్టడమును నిలిపిన ఆ స్థపతుల యోచన, నేల కదలినప్పుడు ఆ ఒత్తిడిని తాను మ్రింగినది. శిఖరమును తేలికైన ఇటుకలతో కట్టి పైబరువును తగ్గించిన యోచన దానికి తోడైనది. 2021 జూలైలో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినప్పుడు ఆ వంకర నేలతోనే గుర్తించినది. గట్టితనమనగా బిగిసి నిలుచుట యొక్కటియే కాదని, కదలికను సహించు నేర్పుకూడ గట్టితనమేనని పాలంపేట నేర్పుచున్నది.

సంస్థలకును ఈ న్యాయము వర్తించును. హబ్సిగూడలోని కణజీవశాస్త్ర పరిశోధన కేంద్రమునకు 1977లో ప్రారంభకాలమున సొంత భవనము లేదు. పొరుగుననున్న ప్రాంతీయ పరిశోధనశాల ఆవరణలోనే, పుష్పమిత్ర భార్గవ నాయకత్వమున అది పని మొదలుపెట్టినది. గోడలు తరువాత లేచినవి, పునాది మనుష్యులు. నాచారము పారిశ్రామికవాడలో మూతపడిన షెడ్ల ముందు నడచునప్పుడు నాకు ఇదియే తోచును. తుప్పు పట్టిన రేకులను చూచి ఆ వాడ పని అయిపోయినదనుట సులభము. కాని లేతు మీద వెంట్రుకవాసి తేడా రాకుండ ఇనుమును మలచు నేర్పు ఆ కార్మికుల చేతులలో ఇంకను ఉన్నది. ఆ నేర్పు తరువాతి తరమునకు అందవలెనన్నచో, పునాది గట్టిదని పొగడుట చాలదు. శిక్షణాలయములు, జీతములు, ఆరోగ్యరక్షణ అను పైకట్టడమును కట్టవలెను.

మనుష్యుని గూర్చి ఈ తీర్పు చెప్పుట అన్నింటికంటె కష్టము. నాచారముననే, నందమూరి తారక రామారావుగారు 1976లో నెలకొల్పిన రామకృష్ణా సినీ స్టూడియోలో, 1977లో విడుదలైన దానవీరశూరకర్ణ చిత్రము రూపొందినది. లోపము పైన, బలము అడుగున గల పాత్రకు కర్ణునికంటె మిన్నయైన ఉదాహరణము మన సారస్వతమున లేదు. తెలుగు భారతములో అతడు ముగ్గురు కవుల చేతులలో నడచును. నిండు సభలో ద్రౌపదిని అవమానించిన కర్ణుడు నన్నయ రచించిన సభాపర్వమున కనబడును. సహజ కవచకుండలములను, ప్రాణాపాయమని ఎరిగియు, ఇంద్రునికి ఒలిచి యిచ్చిన కర్ణుడు ఎఱ్ఱన పూరించిన అరణ్యపర్వ శేషమున కనబడును. రథచక్రము క్రుంగి నేల కొరిగిన కర్ణుడు తిక్కన కర్ణపర్వమున కనబడును. మూడు వేర్వేరు కాలముల ఈ కవులలో ఒకరును అతని దోషమును దాచలేదు, ఒకరును అతని దానమును తగ్గించలేదు. సభలో పలికిన మాట దానముచేత చెరిగిపోలేదు. దానము ఆ మాటచేత వ్యర్థము కాలేదు. మనుష్యుని యథార్థముగా కొలుచుట ఇట్లుండవలెను.

స్మారకసభలలో మనము తరచుగా గతించినవారి దోషముల మీద సున్నము పూయుదుము. మేస్త్రిగారికి అట్టి సేవ అక్కరలేదు. ఆయనకు కోపము మెండు. పని చెడినప్పుడు పడుచువారిని పరుషముగా మందలించిన దినములు కలవు, ఆ మాటలకు నొచ్చుకొని పని మానినవారును కలరు. కాని కంటికి కనబడని చోట, మట్టిలో కప్పబడిపోవు పునాదిలో, ఆయన ఒక్క బొచ్చె సిమెంటునైనను తగ్గింపనీయలేదు. తాను కట్టినది చెడినచో పిలువకయే వచ్చి సరిదిద్దెడువాడు. ఆయన శిష్యులు ఆయన నిజాయితీని గ్రహించి, కోపమును విడిచిపెట్టినచో అదియే ఆయనకు తగిన స్మారకము.

ఇక ముగింపునకు వచ్చెదను. 2017 నవంబరులో మెట్రో రైలు ఉప్పల్ మీదుగా నడువనారంభించినది మొదలు ఇచ్చటి నేలకు వెల పెరిగినది. వెల పెరిగినకొలది పాత ఇండ్లు కూలుచున్నవి. కొత్త ఇల్లు కట్టుకొను హక్కు అందరకును కలదు. దానిని నేను కాదనను. కూల్చుటకు ముందు తెలిసిన ఇంజనీరుచేతనో అనుభవమున్న మేస్త్రిచేతనో ఒకమారు పరీక్ష చేయింపుడని మాత్రము ప్రార్థించుచున్నాను. పరీక్షలో పునాది చెడినదని తేలినచో సంకోచింపక కూల్పుడు. అద్దపు ముక్క పగిలిన పిమ్మటను మమకారముతో నివసించుట ప్రాణములతో చెలగాటము. గట్టిదని తేలినచో ఆ సంవత్సరమే మరమ్మతు మొదలుపెట్టుడు. గట్టి పునాది కూడ నిరంతరము కారు నీటిని శాశ్వతముగా భరింపజాలదు. మిగిలిన చెరువులను, వాని కాలువలను పూడ్చనీయకుడు. అవియు మన ఇండ్ల పునాదులలోని భాగములే. మీ పిల్లలను, మీ బడులను, మీ సంఘములను, మన ప్రభుత్వమును గూర్చి మాటలాడునప్పుడును ఇదే నియమమును పాటింపుడు: లోపమును పేరు పెట్టి చెప్పుడు, ఆధారమును పరీక్షించి చెప్పుడు, చెప్పిన పిమ్మట పనిముట్టు చేతబట్టుడు.

పునాది మనకు దొరికినది; దానిని మనము వేయలేదు. శిలను ప్రకృతి ఇచ్చినది, చెరువులను పూర్వులు ఇచ్చిరి, ఇంటి అడుగురాళ్లను పేరులేని కూలీలు మోసి ఇచ్చిరి. వారి పని గట్టిదని మెచ్చుకొనుటకు మనకు అర్హత కలుగవలెనన్నచో, వారు విడిచిపెట్టిన చోటినుండి మన వంతు కట్టవలెను.